ఇల్లు పాతబడినది, నేల ప్రియమైనది: మాసన్ లేక్స్‌లోని మన పెద్దలకు కొన్ని వివరాలు



మా దేవాలయ కమిటీ వద్దకు పెద్దలు సాధారణంగా పూజలకో, పితృకార్యాలకో, మనుమల నామకరణానికో వస్తారు. ఇటీవలి సంవత్సరాలలో వాటితో పాటు మరొక ప్రశ్నను కూడా తెస్తున్నారు. "మా ఇల్లు ఇంత ధర పలుకుతున్నదని అందరూ అంటున్నారు. ఇప్పుడు మేము ఏమి చేయవలెను?" అడిగేవారి ముఖాలలో సంతోషం కంటె కలవరమే ఎక్కువ. ధర పెరిగినందున వృద్ధాప్య పింఛను నిలిచిపోతుందేమోనని కొందరి భయం. ఇల్లు తమ పేర వ్రాయమని బిడ్డలు అడుగుతున్నారు, వ్రాయవచ్చునా అని కొందరి సందేహం. లక్షల ఆస్తి ఉండి కూడా చలికాలంలో హీటరు వేసుకొనుటకు కరెంటు బిల్లు చూసి వెనుకాడవలసి వస్తున్నదే అని కొందరి బాధ.

మేము న్యాయవాదులము కాము, ఆర్థిక సలహాదారులమూ కాము. ఈ వ్యాసం విషయాన్ని విప్పి చెప్పుటకే గాని ఫలానా విధంగా చేయుడని చెప్పుటకు కాదు. అయినను ఈ విషయంలో ఒక్క సంతకం ఒక కుటుంబాన్ని నిలబెట్టనూ గలదు, విడదీయనూ గలదు. కనుక ధర ఎందుకు పెరిగినది, ఆ పెరుగుదల వలన పెద్దలకు ఏమి వచ్చినది, ఏమి రాలేదు, సంతకానికి ముందు ఏమి తెలిసి ఉండవలెను అనే సంగతులను క్రమంగా వివరించదలచినాము.

తాతలనాటి నేల

మన పెద్దల కలవరానికి మూలం మన చరిత్రలోనే ఉన్నది. 1879 మే 14న లియొనిడాస్ ఓడ తొలి గిర్మిట్ కూలీలతో ఫిజీ చేరినది. మద్రాసు రేవు నుండి మనవారి ప్రయాణం 1903లో ఆరంభమై, 1916లో ఓడలు ఆగిపోవు వరకు సాగినది. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా మొదలైన జిల్లాల నుండి తెలుగు, తమిళ, మలయాళ భాషలవారు కలిసి సుమారు 15,000 మంది అట్లా వెళ్లారు. ఐదేండ్ల ఒప్పందం. నివాసానికి కూలీ లైన్లలో ఒక గది. దాని పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు. అందులో ముగ్గురు ఒంటరి మగవారు గాని, భార్యాభర్తలు ఇద్దరు బిడ్డలతో గాని కాపురం ఉండవలెను.

1920 జనవరి 1తో గిర్మిట్ రద్దయినది. ఆ తరువాత సిడ్నీ కేంద్రంగా గల సి.ఎస్.ఆర్. చక్కెర కంపెనీ తన తోటలను సుమారు పదేసి ఎకరాల కమతాలుగా విభజించి మనవారికి కౌలుకు ఇచ్చినది. మరికొందరు ఫిజీ మూలవాసుల భూములను కౌలుకు తీసుకొన్నారు. ఆ దేశంలో 80 శాతానికి పైగా నేల మూలవాసుల వంశాలది. దానిని అమ్మరాదు, కొనరాదు. అది వారి పూర్వుల నేల గనుక ఆ నియమాన్ని మేము తప్పు పట్టుట లేదు. కొనుటకు వీలైన సొంత హక్కు నేల అక్కడ పదో వంతు కూడా లేదు. కనుక మనవారిలో అత్యధికులు తరతరాలుగా కౌలుదారులుగానే ఉండిపోయారు.

కౌలు వ్యవహారాలు చూచుటకు 1940లో నేటివ్ లాండ్ ట్రస్ట్ బోర్డు ఏర్పడినది. 1976 నాటి వ్యవసాయ కౌలు చట్టం 30 ఏండ్ల గడువునకు అవకాశం ఇచ్చినది. ఆ చట్టం కింది కౌళ్లు 1997 నుండి వరుసగా ముగియసాగినవి. తిరిగి కౌలు దొరకని చోట్ల, రెండు మూడు తరాలు చెరకు పండించిన కుటుంబాలు ఇంటి రేకులు, కలప విప్పుకొని కదలవలసి వచ్చినది. అక్కడ ఇల్లు మనది, దాని కింది నేల మాత్రం మనది కాదు. గడువు ముగిసిన నాడు ఇంటి విలువ రేకుల విలువకు దిగిపోయేది.

ఇది ఒక్క ఫిజీ కథ కాదు. మలేషియా రబ్బరు తోటలలో పని ఉన్నంత కాలమే లైను ఇల్లు. డర్బన్‌లో పురపాలక సంఘపు కూలీలైన మన తెలుగు, తమిళ కుటుంబాలు మాగజీన్ బారక్స్‌లో తరాల తరబడి నివసించి, 1960లలో చాట్స్‌వర్త్‌కు తరలవలసి వచ్చినది. తోటల సంతతివారికి సొంత నేల అనే మాట ఎందుకంత బరువైనదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగినది. అది కూడా మే 14వ తేదీనే, లియొనిడాస్ చేరిన 108 ఏండ్లకు. ఆ తరువాతను, 2000 మే నెలలో జరిగిన మరొక తిరుగుబాటు తరువాతను మనవారు పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు వలస వచ్చారు. అట్లా వచ్చినవారిలో కొందరు అడిలైడ్ ఉత్తర ప్రాంతంలో స్థిరపడ్డారు.

మాసన్ లేక్స్ ఎట్లా ఏర్పడినది

అడిలైడ్ నడిబొడ్డుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, అధిక భాగం సాలిస్‌బరీ పురపాలక పరిధిలో ఉన్న ఈ పేట పాత పేరు ద లెవెల్స్. పేరుకు తగినట్లే సమతలమైన మైదానం. అంతకు పూర్వం ఇది కౌర్నా ప్రజల నేల. 1980లలో ఇక్కడ సాంకేతిక కళాశాల, 1982లో ప్రారంభమైన టెక్నాలజీ పార్కు తప్ప నివాస గృహాలు లేవు. 1987లో జపాన్ ప్రభుత్వం ప్రతిపాదించిన ఒక భవిష్యత్ నగరానికి 1990లో అడిలైడ్ ఎంపికయినది. ఆ మహా ప్రణాళిక సాగలేదు. 1990ల చివర దాని స్థానంలో, చెరువులు తవ్వి, వీధులు తీర్చి, నేడు మనం చూచుచున్న మాసన్ లేక్స్‌ను కట్టనారంభించారు.

అంటార్కిటికా యాత్రికుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన సర్ డగ్లస్ మాసన్ పేరు ఈ పేటకు పెట్టారు. మన పెద్దలకు ఆయన ముఖం ముందే పరిచయం. 1984 నుండి 1996 వరకు అచ్చయిన కాగితపు 100 డాలర్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మయే. 1987 తరువాత వచ్చినవారు తమ తొలి జీతాలలో ఆ నోటును లెక్కపెట్టుకొన్నారు.

ధర ఎంత పెరిగినది

1990ల చివర అడిలైడ్‌లో నడిమి స్థాయి ఇంటి ధర లక్షన్నర డాలర్లకు లోపే ఉండేది. 2024 చివరకు అది 8 లక్షలు దాటినది. అదే కాలంలో సరుకుల ధరలు సుమారు రెండింతలు అయినవి. పూర్తికాలపు ఉద్యోగి సగటు జీతం సుమారు రెండున్నర రెట్లు పెరిగినది. ఇంటి ధర మాత్రం ఐదారు రెట్లు అయినది.

ఒక లెక్క చూద్దాము. 1999లో 1,40,000 డాలర్లకు కొన్న ఇల్లు 2024లో 8,20,000 పలికినదని అనుకొందాము. పెరిగినది దాదాపు ఆరింతలు. ఏడాదికి సగటున చూస్తే అది 7 శాతం కంటె కొంచెం ఎక్కువ మాత్రమే. పాతికేండ్లు ఒకదానిపై ఒకటి చేరినందున అంత పెద్ద సంఖ్య అయినది. కనుక ఇది మాయ కాదు. అయితే ఏటేటా తప్పక జరుగునని నమ్మకమూ లేదు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటి గ్రహించవలెను. పెరిగినది ఇంటి ధర కాదు, నేల ధర. ఇటుక, కలప, పైకప్పు, వంటగది, నీటి గొట్టాలు అన్నీ పాతికేండ్లలో అరిగిపోయినవి. వేడినీటి యంత్రం మార్చవలసి వచ్చినది, కార్పెట్లు చినిగినవి. కట్టడం విలువ తరుగుతూ ఉండగా, దాని కింది చిన్న చెక్క నేల ధర పెరుగుతూ పోయినది. ఫిజీలో మన తాతలకు ఇల్లు ఉండి నేల లేకపోయినది. ఇక్కడ ఇల్లు పాతబడుతున్నది, నేలయే సంపద అయినది. మన పెద్దలలో అనేకులు తమ వంశంలో సముద్రం దాటిన తరువాత నేలకు హక్కుదారులైన తొలి తరంవారు.

ఎందుకు పెరిగినది

మొదటి కారణం వడ్డీ. 1990 ఆరంభంలో ఇంటి అప్పు వడ్డీ 17 శాతం. ఆనాడు కొన్నవారు వారానికి ఆరు రోజులు షిఫ్టులు చేసి వడ్డీ కట్టారు. ఆ తరువాత మూడు దశాబ్దాలలో వడ్డీ దిగుతూ వచ్చి, 2020 నవంబరులో రిజర్వు బ్యాంకు మూల రేటు 0.10 శాతానికి చేరినది. వడ్డీ తగ్గిన కొద్దీ అదే జీతంపై ఎక్కువ అప్పు పుట్టును. ఎక్కువ అప్పు తెచ్చినవారు ఎక్కువ ధర పెట్టగలరు. 2022 మే నుండి వడ్డీ తిరిగి పెరిగినను అడిలైడ్ ధరలు పెద్దగా దిగలేదు.

రెండవది పన్నుల చట్టం. 1985 సెప్టెంబరు 20 నుండి ఆస్తి లాభంపై పన్ను వచ్చినది గాని నివాస గృహాన్ని దాని నుండి మినహాయించారు. 1999లో ఇతర ఆస్తుల లాభంపైన కూడా సగం మినహాయింపు ఇచ్చారు. అద్దె ఇంటి నష్టాన్ని జీతపు ఆదాయం నుండి తీసివేసుకొనే వీలు కూడా ఉన్నందున, పెట్టుబడికై ఇళ్లు కొనేవారు పెరిగారు.

మూడవది ఈ నగరపు ప్రత్యేక పరిస్థితి. 1991లో సౌత్ ఆస్ట్రేలియా స్టేట్ బ్యాంకు కుప్పకూలి రాష్ట్రానికి 300 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చినది. ఆ దశాబ్దంలో ఇక్కడ ఇళ్ల ధరలు దాదాపు కదలలేదు. అందువలననే కర్మాగారాలలోను, ఆసుపత్రులలోను, టాక్సీలలోను పనిచేసిన మనవారు ఇక్కడ ఇల్లు కొనగలిగారు. 2017 అక్టోబరు 20న ఎలిజబెత్‌లోని హోల్డెన్ కార్ల కర్మాగారం మూతపడినప్పుడు ఉత్తర ప్రాంతపు ధరలు పడిపోవునని అనేకులు భయపడ్డారు. అట్లా జరుగలేదు. ఆ తరువాతి సంవత్సరాలలో, ముఖ్యంగా 2020 తరువాత, సిడ్నీ, మెల్బోర్న్‌ల కంటె చవక అని జనం ఇటు చూడగా ధరలు వేగంగా పెరిగినవి.

నాలుగవది మాసన్ లేక్స్ సౌకర్యాలు. విశ్వవిద్యాలయ ఆవరణ, చెరువుల గట్లపై నడక దారులు, తోటలకు శుద్ధి చేసిన నీటిని తెచ్చే ఊదారంగు గొట్టాలు, 2006లో తెరిచిన రైలు, బస్సు కూడలి ఇవన్నీ నేల విలువను పెంచినవి. వీటిని కట్టినది మనం కాదు. ప్రజల పన్నులతో వచ్చినవి కొన్ని, స్థలాలు అమ్మిన సంస్థ ఏర్పరచినవి కొన్ని. కనుక ఈ సంపదలో మన పెద్దల కష్టం ఎంత ఉన్నదో, కాలం కలిసివచ్చుట కూడా అంత ఉన్నది. ఈ మాట కష్టాన్ని తక్కువ చేయుటకు కాదు. అదే కష్టం చేస్తున్న మనుమలకు ఇల్లు ఎందుకు దొరకుట లేదో అర్థం చేసుకొనుటకు ఇది అవసరం.

ధర పెరిగినందున ఏమి మారినది, ఏమి మారలేదు

పింఛను విషయం ముందు చెప్పెదము. ఆస్ట్రేలియా వృద్ధాప్య పింఛను 1909లో ఆరంభమైనది. ఇప్పుడు దానికి అర్హత వయస్సు 67 సంవత్సరాలు. పింఛనుకు ఆస్తి పరీక్ష ఉన్నది గాని, తాము నివసించే ఇంటిని అందులో లెక్కించరు. ఇల్లు 5 లక్షలది అయినను 15 లక్షలది అయినను ఒకటే. సొంత ఇల్లు ఉన్నవారికి, లేనివారికి మిగిలిన ఆస్తుల పరిమితిలో తేడా మాత్రం ఉంటుంది. 2024 జూలై నాటికి ఆ తేడా రెండున్నర లక్షల డాలర్లు. కనుక ఇంటి ధర పెరిగినంత మాత్రాన పింఛను తగ్గదు. ఈ ఒక్క భయాన్ని మన పెద్దలు విడిచిపెట్టవచ్చును.

రెండవది కౌన్సిల్ రేట్లు. మన రాష్ట్రంలో ఇంటి విలువను ప్రభుత్వ మదింపు అధికారి ఏటేటా నిర్ణయిస్తాడు. కౌన్సిల్ తనకు కావలసిన మొత్తాన్ని ఆ విలువల ప్రకారం పంచుతుంది. అందరి ఇళ్ల ధరలూ రెండింతలైతే డాలరుకు విధించే రేటును తగ్గిస్తారు గనుక బిల్లు రెండింతలు కాదు. మన ఇంటి ధర ఇతరుల ఇళ్ల కంటె వేగంగా పెరిగినప్పుడే మన వాటా పెరుగుతుంది. నివసించే ఇంటిపై రాష్ట్ర భూమి పన్ను లేదు.

మూడవది చేతిలోని డబ్బు. ఇక్కడే కష్టం ఉన్నది. గోడలో ఉన్న లక్షలు గోడలోనే ఉంటవి. ఇంటి బీమా, మరమ్మతులు, మందులు, దంత వైద్యం అన్నీ పింఛను నుండే రావలెను. లోకం దృష్టికి ఆ వృద్ధ దంపతులు లక్షాధికారులు. వారి బ్యాంకు పుస్తకంలో మాత్రం వచ్చే పింఛను వరకే ధైర్యం ఉంటుంది. ఈ రెండింటికి మధ్య పొంతన లేకపోవుటయే కలవరానికి కారణం.

పెద్దల ముందున్న మార్గాలు

మొదటి మార్గం ఇంట్లోనే ఉండి ఖర్చు తగ్గించుకొనుట. సీనియర్స్ కార్డు గలవారు, ఇంటిపై పెద్ద అప్పు లేనివారు, ఏడాదికి 500 డాలర్లు కట్టి మిగిలిన కౌన్సిల్ రేట్లను ఇల్లు అమ్మే వరకు వాయిదా వేసుకొనుటకు మన రాష్ట్ర చట్టంలో వీలు ఉన్నది. దానికి వడ్డీ చేరుతుంది. దరఖాస్తు పెట్టిన వారికే ఈ సదుపాయం. ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు.

రెండవ మార్గం ఇంటి విలువపై ప్రభుత్వం నుండి అప్పు పొందుట. పూర్వం పింఛను అప్పుల పథకం అని పిలిచేదానికి 2022 నుండి హోమ్ ఈక్విటీ యాక్సెస్ స్కీమ్ అని పేరు. సెంటర్‌లింక్ ద్వారా పక్షానికి ఒకసారి కొంత మొత్తం తీసుకోవచ్చును. పింఛనుతో కలిపి గరిష్ఠ పింఛనుకు ఒకటిన్నర రెట్లు దాటరాదు. 2022 జనవరి నుండి వడ్డీ 3.95 శాతం. ఇల్లు అమ్మినప్పుడో, మరణానంతరమో తీర్చవలెను. అప్పు ఎంత పెరిగినను ఇంటి విలువను మించి వసూలు చేయరు.

దీని లెక్క కూడా తెలిసి ఉండవలెను. పక్షానికి 500 డాలర్ల చొప్పున 15 ఏండ్లు తీసుకొంటే చేతికి వచ్చేది 1,95,000. వడ్డీతో కలిపి తీర్చవలసినది సుమారు 2,65,000. అది చిన్న మొత్తం కాదు. అయితే 8 లక్షల ఇంటిలో చలికి ముడుచుకొని, పండ్లు కొనుటకు వెనుకాడుతూ గడిపే 15 ఏండ్లు కూడా చిన్న నష్టం కాదు. అప్పు అనగానే మనవారికి వడ్డీ వ్యాపారుల జ్ఞాపకం వస్తుంది. ఈ రెండింటినీ వేరు చేసి చూడవలెను.

మూడవ మార్గం అమ్మి చిన్న ఇంటికి మారుట. మాసన్ లేక్స్‌లో చిన్న స్థలాలలో రెండంతస్తుల ఇళ్లు అనేకం. మోకాళ్లు అరిగినవారికి ఆ మెట్లు నిత్య శిక్ష. అయితే మార్పునకు ఖర్చు ఉన్నది. 6 లక్షల ఇల్లు కొంటే సాధారణ రేటున సుమారు 27,000 డాలర్ల స్టాంపు డ్యూటీ పడుతుంది. ఏజెంటు కమీషను, సామానుల తరలింపు వేరు. మిగిలిన సొమ్ము బ్యాంకులో చేరిన తరువాత ఆస్తి పరీక్షలోనికి వస్తుంది, పింఛను తగ్గవచ్చును. కొత్త ఇల్లు కొనుటకు ఉంచిన సొమ్మును మాత్రం 24 నెలల వరకు ఆస్తిగా లెక్కించరు. పదేండ్లు సొంతంగా ఉన్న ఇంటిని అమ్మినవారు, 55 ఏండ్లు దాటి ఉంటే, తలకు 3 లక్షల వరకు సూపర్‌లో వేసుకోవచ్చును. పింఛను వయస్సు దాటినవారికి ఆ సూపర్ కూడా ఆస్తిగా లెక్కకు వస్తుందని మరువరాదు.

నాలుగవ మార్గం ఇల్లు బిడ్డల పేర వ్రాసి వారితో కలిసి ఉండుట. మన కుటుంబాలకు ఇది సహజమైనదిగా తోచును. కనుకనే దీనిని ఎక్కువ జాగ్రత్తగా వివరించవలసి ఉన్నది.

సంతకానికి ముందు

భూమి హక్కును ప్రభుత్వ రిజిస్టరులో పేరు ద్వారా స్థిరపరచే టోరెన్స్ పద్ధతి పుట్టినది మన సౌత్ ఆస్ట్రేలియాలోనే, 1858లో. ఈ పద్ధతిలో రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని. "పేరు మాత్రమే మార్చినాము, ఇల్లు మాదే" అనే మాటకు అక్కడ చోటు లేదు. పేరు మారిన తరువాత కొడుకునకు వ్యాపార నష్టం వచ్చినా, విడాకులు జరిగినా, అతడే ముందుగా మరణించినా, ఆ ఇల్లు ఆ చిక్కులలో చేరుతుంది.

పింఛను నియమం కూడా ఉన్నది. ఏడాదికి 10,000, ఐదేండ్లలో 30,000 డాలర్లను మించి దానం చేస్తే, మించిన భాగాన్ని ఐదేండ్ల పాటు తమ ఆస్తిగానే లెక్కిస్తారు. ఇల్లు ఊరక వ్రాసి ఇచ్చుట ఈ నియమం కిందికి వస్తుంది. దానికి బదులు, జీవితాంతం ఆ ఇంటిలో నివసించే హక్కును పొంది ఇచ్చే ఏర్పాటును గ్రానీ ఫ్లాట్ హక్కు అంటారు. వ్రాతపూర్వకమైన ఒప్పందంతో చేసిన ఈ ఏర్పాటుకు పింఛనులోను, 2021 జూలై నుండి ఆస్తి లాభపు పన్నులోను ప్రత్యేక నియమాలు ఉన్నవి. కాగితం లేని మాట ఏర్పాటుకు ఆ రక్షణ కష్టం. బిడ్డల న్యాయవాదియే తల్లిదండ్రులకు కూడా న్యాయవాది కారాదు. తల్లిదండ్రులకు వేరే న్యాయవాది, భాష కష్టమైతే కుటుంబానికి చెందని అనువాదకుడు ఉండవలెను.

వృద్ధాశ్రమంలో చేరవలసి వస్తే ఇంటిని ఎట్లా లెక్కిస్తారో కూడా తెలిసి ఉండవలెను. భార్య గాని భర్త గాని ఆ ఇంటిలో ఉన్నంత కాలం ఇల్లు లెక్కకు రాదు. ఎవరూ లేకపోయినను ఇంటి పూర్తి విలువను కాక, ఒక పరిమితి వరకు, అనగా సుమారు 2 లక్షల వరకు మాత్రమే లెక్కిస్తారు. "ఆశ్రమంలో చేరితే ప్రభుత్వం ఇల్లు లాగుకొంటుంది, ముందే వ్రాసివేయుడు" అనే మాట మనవారిలో తరచుగా వినిపిస్తున్నది. అది నిజం కాదు. ఆ మాటపై ఆధారపడి ఎవరూ సంతకం చేయరాదు.

ఈ దేశంలో వారసత్వ పన్ను లేదు. తల్లిదండ్రులు నివసించిన ఇంటిని వారి మరణానంతరం రెండేండ్లలోపు అమ్మితే వారసులకు సాధారణంగా లాభపు పన్ను కూడా పడదు. కనుక పన్ను భయంతో ముందుగా వ్రాసి ఇవ్వవలసిన అవసరం లేదు. వీలునామా వ్రాసి ఉంచిన చాలును. మన రాష్ట్రంలో వీలునామాల విషయమై 2025 జనవరి 1 నుండి కొత్త వారసత్వ చట్టం అమలులోనికి వచ్చినది. పాత వీలునామా గలవారు దానిని మరొకసారి చూపించుకొనుట మంచిది.

బిడ్డలను గురించి

ఇంతవరకు చెప్పినదానిని బట్టి బిడ్డలందరూ ఆస్తికై ఆశపడుచున్నారని ఎవరూ భావించరాదు. 1990ల చివర ఇంటి ధర ఒక ఉద్యోగి సగటు జీతానికి మూడు నాలుగు రెట్లు. నేడు అది ఎనిమిది రెట్లు. మనుమడు, మనుమరాలు ఇద్దరూ ఉద్యోగాలు చేసినను, అద్దె కట్టుచు తొలి వాయిదా సొమ్ము కూడబెట్టుట వారికి ఏండ్ల పని. తాతలు ఫిజీలో కౌలుదారులు, తల్లిదండ్రులు ఇక్కడ యజమానులు, మనుమలు తిరిగి అద్దెదారులు. ఈ వరుస మన సమాజానికి మంచిది కాదని మేము భావిస్తున్నాము. సహాయం చేయదలచినవారు చేయవలసినదే. అయితే అది దానమా, అప్పా అన్నది వ్రాసి ఉంచవలెను. ఇతర సంతానానికి తెలిసి ఉండవలెను. తమ వైద్యానికి, తిండికి చాలినంత మిగిల్చుకొన్న తరువాతనే చేయవలెను.

ఇల్లు కొడుకుది, కూతురికి పెండ్లి ఖర్చుతో సరి అనే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నది. ఇంటి విలువ లక్షన్నర ఉన్ననాడు ఆ మాటపై తగవు రాలేదు. 8 లక్షలైన నాడు వస్తున్నది. పైగా అనేక ఇళ్లలో తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవుచున్నది కూతురే. ఎవరికి ఎంత అన్నది పెద్దల ఇష్టం. కాని దానిని బ్రతికి ఉండగానే అందరి ముందు చెప్పుట, కారణంతో సహా చెప్పుట, తరువాతి పదేండ్ల మౌనాన్ని ఆపగలదు.

ఒత్తిడి మితిమీరినచో దానికి చట్టంలో దారి ఉన్నది. పెద్దల రక్షణకై 2019 అక్టోబరులో మన రాష్ట్రం ఏర్పరచిన అడల్ట్ సేఫ్‌గార్డింగ్ యూనిట్ ఈ దేశంలోనే మొదటిది. అక్కడ విచారించుట బిడ్డలపై కేసు పెట్టుట కాదు. సహాయం అడుగుట మాత్రమే.

దేవాలయం విషయమై

కొందరు పెద్దలు ఇంటిలో కొంత భాగాన్ని దేవాలయానికి వ్రాయదలచినామని అంటారు. వారి భక్తికి మేము నమస్కరిస్తున్నాము. ఫిజీలో కౌలు నేలపై గుడి కట్టుకొన్న జనం సంతతివారికి ఈ కోరిక ఎందుకు కలుగునో మాకు తెలియును. అయినను ఈ విషయంలో మా కమిటీ పాటించే నియమం ఒకటి ఉన్నది. దాత తన సొంత న్యాయవాదిని సంప్రదించి, కుటుంబానికి తెలియజేసిన తరువాతనే మేము ఆ మాటను స్వీకరిస్తాము. కమిటీ సభ్యులెవరూ వీలునామాకు సాక్షులుగా ఉండరు. దేవుని పేర తెచ్చిన ఒత్తిడి కూడా ఒత్తిడియే.

ఇంట్లో సిద్ధంగా ఉంచవలసినవి

ప్రతి పెద్దవారి ఇంట్లో ఒక కవరులో ఈ కాగితాలు ఉండవలెను: ఇంటి హక్కు పత్రం నకలు, అందులో ఎవరి పేర్లు ఏ విధంగా ఉన్నవో వివరం, వీలునామా, ఆర్థిక వ్యవహారాలకు అధికార పత్రం, వైద్య విషయాలలో తమ కోరికలు తెలిపే ముందస్తు ఆదేశ పత్రం, ఇంటి బీమా, సెంటర్‌లింక్ చివరి ఉత్తరం. భార్యాభర్తల పేర్లు ఉమ్మడి హక్కుగా ఉంటే ఒకరి తరువాత ఇల్లు నేరుగా రెండవవారికి చెందుతుంది. వేరు వేరు భాగాలుగా ఉంటే వీలునామా ప్రకారం పోతుంది. ఈ తేడా తెలియక తగవులు పడిన కుటుంబాలు ఉన్నవి. సెంటర్‌లింక్‌లో ఆర్థిక సమాచార అధికారులు ఉచితంగా వివరాలు చెబుతారు. ప్రభుత్వ అనువాదకుల సేవ ద్వారా తెలుగులో గాని, హిందీలో గాని మాట్లాడవచ్చును.

పది అడుగుల గదిలో బ్రతికినవారి మనుమలు నేడు తమ పేర నేల గలవారైనారు. ఆ నేల మొదటి ప్రయోజనం దానిపై నివసించువారి సుఖం, గౌరవం. బిడ్డల భాగం, దేవుని భాగం దాని తరువాతనే. ధర ఎంత పలికినను ఈ క్రమం మారరాదని మా అభిప్రాయం. ఇంట్లో పెద్దలు గల పాఠకులు ఈ వ్యాసాన్ని వారికి చదివి వినిపించి, ఆ కవరులో ఏ కాగితం లేదో ఒకసారి వారితో కూర్చుండి చూడవలసినదిగా కోరుచున్నాము.